డిక్కీలో పచ్చ లైటు: సొంతంగా బిగించుకున్న ఒక కారు ఆడియో కేసు

మే నెల ఆదివారం, పొద్దున పదిన్నర అయి ఉంటుంది. హైదరాబాద్ మూసాపేటలో మా షాపు ముందుకి ఒక హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. నిజాంపేటలో పక్క ఫ్లాట్ వాళ్ల కారు బ్యాటరీతో జంప్ స్టార్ట్ చేసుకుని, దారిలో ఎక్కడా ఇంజన్ ఆపకుండా తెచ్చాడు. దిగిన కుర్రాడికి ముప్పై లోపే ఉంటాయి. గుంటూరు వైపు మాట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"అన్నా, ఇంజన్ ఆపమంటారా? ఆపితే మళ్లీ స్టార్ట్ అవదు."

"ఆపు తమ్ముడూ. స్టార్ట్ అవకపోతేనే కదా నాకు పని."

ఆపాడు. సెల్ఫ్ కొట్టమంటే టకటకమని రిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

అతను చెప్పిన కంప్లయింట్లు మూడు. బండి రెండు రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోతోంది. ఇంజన్ స్టార్ట్ చేస్తే స్పీకర్లలో సన్నగా కీచుమని కూత, యాక్సిలరేటర్ తొక్కితే ఆ కూత కూడా పైకి లేస్తోంది. వాల్యూమ్ బాగా పెంచి పది నిమిషాలు వింటే డిక్కీలోంచి కాలిన వాసన. మొదటి కంప్లయింట్‌కి ఫిబ్రవరిలోనే ఒక చోట బ్యాటరీ మార్చేశారట. నాలుగు నెలలు తిరక్కుండానే కొత్త బ్యాటరీదీ అదే కథ.

ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ కుర్రాడు పని తెలియక చెడగొట్టినవాడు కాదు. కష్టమైన పనంతా మా షాపులో కుర్రాళ్లకి చూపించదగ్గట్టు చేశాడు. తేలికనుకున్న చోట్లలోనే దెబ్బతిన్నాడు.

అతను ఏం బిగించాడు

కంపెనీ డెక్ (డాష్‌బోర్డ్‌లో పాటలు పెట్టేది) తీసేసి 9 అంగుళాల ఆండ్రాయిడ్ డెక్ పెట్టాడు. ముందు డోర్లలో ఆరున్నర అంగుళాల కొత్త స్పీకర్లు. కొన్నాళ్లకి డిక్కీలో 10 అంగుళాల సబ్‌వూఫర్ (బాస్ స్పీకర్) పెట్టె, దాన్ని నడపడానికి ఒక మోనో యాంప్ (యాంప్లిఫయర్). సామాను కొంత కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాడు, కొంత ఆన్‌లైన్‌లో తెప్పించాడు. పనంతా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మూడు శనివారాలు.

డాష్‌బోర్డ్ ప్యానెళ్లు విప్పి చూశాను. ఒక్క క్లిప్పు విరగలేదు, ప్లాస్టిక్ మీద స్క్రూడ్రైవర్ గీత లేదు. మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీశానన్నాడు. ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే పసుపు రంగు కప్లర్ల (వైర్లు కలిపే ప్లగ్గుల) జోలికి పోలేదు. డెక్‌కి కంపెనీ వైర్లు కోయకుండా అడాప్టర్ కప్లర్ వేశాడు. గలగలలాడకుండా వైర్ల కట్టకి ఫెల్ట్ టేపు కూడా చుట్టాడు. హైదరాబాద్ ఎండకి మామూలు నల్ల టేపు జిగురు కరిగి జారిపోతుంది. ఆ సంగతి తెలియని మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు, ఇతనికి తెలుసు.

ఎడమ డోరులో మాత్రం స్పీకర్ అడాప్టర్ ఎక్కడో పోగొట్టుకున్నాడు. అక్కడ కప్లర్ కోసి, వైర్లు నేరుగా స్పీకర్‌కి కలిపాడు. ఆ రోజు ఆ మాట విని వదిలేశాను. అసలు కథ అక్కడ మొదలైందని సాయంత్రం దాకా తెలియలేదు.

బ్యాటరీ

బ్యాటరీ మీద మీటరు పెడితే 11.4 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 చుట్టూ చూపించాలి, 12.2 అంటే సగం ఖాళీ. 11.4 అంటే అడుగంటినట్టే. మా బ్యాటరీతో జంప్ చేసి స్టార్ట్ చేస్తే 14.1 చూపించింది. అంటే ఆల్టర్నేటర్ పనిచేస్తోంది, ఛార్జింగ్ వెళ్తోంది. వెళ్లినదాన్ని రాత్రిళ్లు ఎవరో తాగేస్తున్నారు.

ఫిబ్రవరిలో బ్యాటరీ మార్చినవాళ్లు ఈ ఒక్క ప్రశ్న వేసుకోలేదు. బ్యాటరీ చనిపోయిందా, చంపేస్తున్నారా అన్నది తేలకుండా కొత్తది అమ్మితే అది కూడా అదే దారి పడుతుంది. పైగా కారు బ్యాటరీ సెల్ఫ్ కొట్టడానికి చేసింది, ఇన్వర్టర్ బ్యాటరీలా పూర్తిగా వాడేసి మళ్లీ నింపుకోవడానికి చేసింది కాదు. నాలుగైదుసార్లు అడుగంటితే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, పట్టే ఛార్జే తగ్గిపోతుంది.

లీకేజీ చూసే పద్ధతి చెబుతాను, దీంట్లో చాలామంది తప్పు చేస్తారు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్యలో మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కలపాలి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. కొడితే మీటర్ ఫ్యూజు పోతుంది, చవక మీటరైతే మీటరే పోతుంది. కలపగానే కనిపించే నంబరు చూసి భయపడకూడదు. ఇప్పటి కార్లలో కంప్యూటర్లు నిద్రపోవడానికి సమయం పడుతుంది. డోరు తెరిచి ఉంచాల్సి వస్తే, స్క్రూడ్రైవర్‌తో లాక్‌ని మూసుకునేలా చేసి, బండి డోరు మూసుందనుకునేట్టు చూడాలి. అరగంట ఆగాలి. ఆ తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు.

ఆ అరగంటలో మేం టీ తాగుతున్నాం. మా దగ్గర పని నేర్చుకునే పిల్లాడు డిక్కీ వైపు నుంచి పిలిచాడు.

"అన్నా, గీ డబ్బా వేడిగున్నది. లైట్ గూడ వెలుగుతున్నది."

వెళ్లి చూస్తే యాంప్ మీద చిన్న పచ్చ లైటు. తాళం చెవి నా జేబులో ఉంది, డెక్ ఆగి ఉంది, యాంప్ మాత్రం మేలుకుని ఉంది. మీటరు చూస్తే 0.86 ఆంపియర్లు. యాంప్ ఫ్యూజు పీకగానే 0.03కి పడిపోయింది.

లెక్క వేసి చూపించాను. అతని బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. 0.86తో భాగిస్తే దాదాపు 40 గంటలు. శుక్రవారం రాత్రి ఎనిమిదికి బండి పెట్టాడు, ఆదివారం పొద్దున పదికి తాళం తిప్పాడు. 38 గంటలు. కాగితం మీద లెక్క ఇంత చక్కగా కుదిరేది తక్కువ.

యాంప్‌కి మూడు వైర్లు వస్తాయి: పెద్ద పాజిటివ్, పెద్ద ఎర్త్ (కారు బాడీకి బిగించే నెగెటివ్), ఒక సన్న రిమోట్ వైరు. ఆ సన్న వైరులో 12 వోల్టులు వస్తే యాంప్ లేస్తుంది, పోతే పడుకుంటుంది. డెక్ ఆన్ అయినప్పుడు మాత్రమే అందులో కరెంటు రావాలి. ఇతను దాన్ని డెక్ వెనక పసుపు వైరుకి కలిపాడు. పసుపు అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, 24 గంటలూ ఉండేది.

"ముందు నీలం వైరుకే కలిపానన్నా. రేడియో పెడితే సబ్ మోగేది, బ్లూటూత్ పెడితే ఆగిపోయేది. అందుకని మార్చేశాను."

తెలివైన పరిశీలన, తప్పు పరిష్కారం. డెక్ వెనక నీలం వైర్లు రెండుంటాయి. ఒట్టి నీలం పవర్ యాంటెనాది, చాలా డెక్‌లలో రేడియో నడుస్తున్నప్పుడే అందులో కరెంటు వస్తుంది. నీలం మీద తెల్ల గీత ఉన్నది యాంప్‌ది. రెండోది డెక్ వెనక కట్టలో మడిచి, చివర టోపీతో అలాగే ఉంది. కలపడానికి పది నిమిషాలు పట్టింది. పది నిమిషాల పనికి ఒక బ్యాటరీ ఖర్చు.

కీచు శబ్దం, నా ఒంటిగంట దాకా తప్పు

ఇక్కడ నేనే బోల్తా పడ్డాను.

ఇంజన్ వేగంతో పాటు లేచే కూత అంటే ఆల్టర్నేటర్ నుంచి వచ్చేదే. దాని ఏసీ డీసీగా మారాక కూడా కొంత అల మిగులుతుంది, అది ఏదో దారిన పాటలోకి దూరుతుంది. ఆర్‌సీఏ కేబుల్ (డెక్ నుంచి యాంప్‌కి పాట తీసుకెళ్లేది), పెద్ద పాజిటివ్ వైరు రెండూ ఒకే డోరు గుమ్మం కింద, ఎడమ వైపు ఒకదాన్నొకటి ఆనుకుని వెళ్తున్నాయి. చూడగానే దొరికాడు దొంగ అనుకున్నాను. సీటు విప్పి, కార్పెట్ లేపి, ఆర్‌సీఏని కుడి వైపుకి మార్చడానికి గంటన్నర పట్టింది. స్టార్ట్ చేస్తే కూత ఎక్కడికీ పోలేదు.

ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, క్యాసెట్ డెక్‌ల కాలం నుంచి. అలవాటైన జవాబు దొరికితే మీటరు తీయబుద్ధి కాదు. రెండు నిమిషాల పరీక్ష ముందే చేసి ఉండాల్సింది: యాంప్ దగ్గర ఆర్‌సీఏ పిన్నులు పీకి వినడం. పీకాక కూడా కూత ఉంటే తప్పు యాంప్ వైపు. పోతే తప్పు డెక్ నుంచి గానీ, డెక్‌కీ యాంప్‌కీ ఎర్త్‌లలో ఉన్న తేడా నుంచి గానీ వస్తోంది. పీకాను, పోయింది. అప్పుడు ఎర్త్ వైపు తిరిగాను.

ఎర్త్‌ని ఓమ్‌లలో కొలిస్తే మామూలు మీటరుకి ఏదీ తెలియదు. 0.1, 0.2 ఓమ్ అని మీటరు వైర్లే చూపిస్తాయి, మనకి కావాల్సింది దానిలో వందో వంతు. అందుకని కరెంటు పారిస్తూ వోల్టులు కొలవాలి. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, కొన్ని సెకన్లు సబ్ మోగించాం. పక్క టీ కొట్టాయన తల బయటపెట్టి చూశాడు. డీసీ క్లాంప్ మీటరు 25 ఆంపియర్లు చూపించింది. అందరి దగ్గరా ఉండే క్లాంప్ మీటరు ఇంటి కరెంటుకే, ఏసీకే పనికొస్తుంది. కారుకి డీసీ కొలిచేదే కావాలి.

బ్యాటరీ దగ్గర 14.0 వోల్టులు. యాంప్ టెర్మినళ్ల దగ్గర 12.3. మధ్యలో 1.7 ఎక్కడ పోయాయి? బ్యాటరీ పాజిటివ్ నుంచి యాంప్ పాజిటివ్‌కి కొలిస్తే 0.5. యాంప్ ఎర్త్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి కొలిస్తే 1.2.

ఎర్త్ వైరుని వెనక సీటు బోల్టు కింద బిగించాడు. చూడ్డానికి గట్టి బోల్టు, పెద్ద ఇనుము. కానీ ఆ బోల్టు చుట్టూ ఉన్నది రంగు. బోల్టు మరల మీద, వదులవకుండా కంపెనీ పూసిన మందు. లగ్‌కీ (వైరు చివర నొక్కిన లోహపు రింగు) రేకుకీ మధ్య నిజంగా లోహం తగిలేది ఎక్కడో ఒకటి రెండు గీతల దగ్గర. 1.2 వోల్టులు, 25 ఆంపియర్లు, గుణిస్తే 30 వాట్లు. సీటు కింద 30 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ప్లగ్‌లో పెట్టి మరిచిపోయినట్టు. చేయి పెట్టి చూడమన్నాను. పెట్టి, వెంటనే తీశాడు.

యాంప్ ఎర్త్ అలా పైకి తేలిపోతే, డెక్ ఎర్త్‌తో దానికి తేడా వస్తుంది. ఆ తేడా తీర్చుకోవడానికి కరెంటుకి దొరికే ఇంకో దారి ఆర్‌సీఏ కేబుల్‌లో పాట వైరు చుట్టూ అల్లిన లోహపు వల. పాట వెళ్లే దారిలోనే ఆల్టర్నేటర్ అల కూడా ప్రయాణం చేస్తుంది. నేను కేబుల్‌ని ఏ వైపుకి మార్చినా ఆ వల దానితోపాటే వస్తుంది కదా, ఇంక కూత ఎందుకు పోతుంది?

సీటు బోల్టు, సీటు బెల్టు బోల్టు దేన్నీ ఎర్త్‌కి వాడొద్దు. బెల్టు బోల్టు ప్రాణానికి సంబంధించింది, దాని కింద ఇంకో లగ్ దూర్చడమే తప్పు. డిక్కీ పక్క గోడలో చదునైన రేకు చూసి, రూపాయి బిళ్లంత మేర గరుకు కాగితంతో తెల్లగా వచ్చేదాకా రంగు తీశాం. స్టార్ వాషర్, లగ్, బోల్టు, నట్టు వేసి బిగించాక తుప్పు పట్టకుండా పైన రంగు పూశాం. రంగు పూయడం బిగించాక, ముందు కాదు. వైరు పొడవు 40 సెంటీమీటర్లు. మళ్లీ కొలిస్తే 0.06 వోల్టులు. కూత పోయింది. అంతలా పోయిందని నమ్మలేక అతనే నాలుగుసార్లు యాక్సిలరేటర్ తొక్కి చూశాడు.

రేకులోంచి వచ్చిన వైరు

పాజిటివ్ వైపు పోతున్న ఆ అర వోల్టు మామూలుగా అయితే వదిలేద్దును. కిట్ వైరు చివర బ్లేడుతో గీసి చూస్తే, పైన రాగి రంగు, లోపల వెండి తెలుపు. రాగి పూత వేసిన అల్యూమినియం. అల్యూమినియం రాగిలో దాదాపు అరవై శాతమే కరెంటు మోస్తుంది, కాబట్టి దాన్ని వాడితే ఒక సైజు పెద్దది వాడాలి. కిట్ డబ్బా మీద పెద్దక్షరాల్లో గేజ్ (వైరు మందం) నంబరు ఉంటుంది గానీ ఈ ముక్క ఎక్కడో వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉండటమే మొదటి గుర్తు.

ఎలాగూ వైరు మారుద్దామని రాణిగంజ్‌లో తెలిసిన షాపుకి ఫోన్ చేసి, 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ 6 మీటర్లు తెప్పించాను. కారు ఆడియో అని పేరు పెట్టి అమ్మే వైరుకన్నా నాకు ఇదే ఇష్టం. సన్నపోగులు, మెత్తగా వంగుతుంది, పైన గట్టి రబ్బరు, మోసం తక్కువ. పెట్రోలు, ఆయిల్ తగలకుండా ఇంజన్ వైపు మాత్రం ముడతల గొట్టం తొడగాలి.

పాత వైరు లాగుతున్నాం. బానెట్ వైపు నుంచి నేను, లోపల నుంచి పిల్లాడు. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు దగ్గర వైరు పట్టేసింది. కొంచెం ఊపి లాగితే వచ్చింది. చేతిలోకి వచ్చిన ముక్క చూసి కాసేపు ఎవరం ఏమీ అనలేదు. అంగుళం పొడవున ఎర్ర తొడుగు గీక్కుపోయి లోపలి పోగులు మెరుస్తున్నాయి.

రేకులో ఉన్న ఒక ఖాళీ రంధ్రంలోంచి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) లేకుండా వైరు దూర్చాడు. ఇంజన్ అదిరినప్పుడల్లా రేకు అంచు కొద్దికొద్దిగా కోసుకుంటూ వచ్చింది. ఆ రేకు అంటే నెగెటివ్. పూర్తిగా తగిలుంటే ఏమయ్యేదో తెలియాలంటే ఫ్యూజు ఎక్కడుందో చూడాలి.

ఫ్యూజు డిక్కీలో ఉంది, యాంప్ పక్కనే నీట్‌గా, చదునుగా బిగించి.

"యాంప్‌ని కాపాడటానికి కదన్నా ఫ్యూజు?"

కాదు. యాంప్‌లో దాని ఫ్యూజు దానికుంది. వైరు మీద వేసే ఫ్యూజు వైరు కోసం. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న వైరుకి ఏ రక్షణా లేదు, ఇతని బండిలో అది నాలుగున్నర మీటర్లు. రేకు దగ్గర తగిలితే డిక్కీలో ఉన్న ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు, ఎందుకంటే కరెంటు అక్కడిదాకా రాదు. బ్యాటరీ దిగిపోయిందని మనం తిట్టుకుంటాం గానీ షార్ట్ అయితే అదే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. తొడుగు అంటుకుంటుంది, దాని పక్కన కార్పెట్, దాని మీద సీటు.

అతను చాలాసేపు ఆ ముక్కని వేళ్లతో తిప్పుతూ నిలబడ్డాడు. సంక్రాంతికి అమ్మానాన్నలని ఇదే బండిలో గుంటూరు తీసుకెళ్లి తీసుకొచ్చానన్నాడు. నేను ఏమీ అనలేదు. ఏం అంటాం?

కొత్త వైరుకి 40 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలో. 18 అంగుళాల లోపు అని అందరూ చెప్పే లెక్క, నేను జానెడు దాటనివ్వను. రేకులో గ్రోమెట్, దాని లోపల మళ్లీ గొట్టం. లగ్‌లు సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, పైన హీట్ ష్రింక్ స్లీవ్. లగ్‌లు నొక్కడం అతని చేతే చేయించాను. రెండోది నాకన్నా బాగా నొక్కాడు. మళ్లీ 25 ఆంపియర్ల దగ్గర కొలిస్తే పాజిటివ్ వైపు 0.17 వోల్టులు.

గెయిన్, కాలిన వాసన

యాంప్ డబ్బా మీద 1500 వాట్లు. యాంప్‌కున్న ఫ్యూజు 30 ఆంపియర్లు. 30ని 13.8తో గుణిస్తే 414 వాట్లు లోపలికి, క్లాస్ డీ యాంప్ కాబట్టి ఎనభై శాతం బయటికొస్తుందనుకుంటే 330. పుస్తకంలో చిన్నక్షరాల్లో 2 ఓమ్‌ల దగ్గర 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) అని నిజం రాసే ఉంది. డబ్బా మీద అంకెని నమ్మే ముందు ఫ్యూజు చూడండి, అది అబద్ధం ఆడదు. డెక్‌లదీ ఇదే వరస. 50 వాట్లు ఇంటూ నాలుగు అని రాసిన డెక్ వెనక 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే, లోపలికి వెళ్లేదే 138 వాట్లు. 200 ఎక్కడి నుంచి వస్తాయి?

సబ్‌లో 4 ఓమ్‌ల కాయిల్స్ రెండున్నాయి, వాటిని సమాంతరంగా కలిపి 2 ఓమ్‌లు చేశాడు. సరిగ్గా చేశాడు. చెడింది గెయిన్ (డెక్ సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే స్క్రూ) దగ్గర. దాన్ని వాల్యూమ్ అనుకుని దాదాపు చివరిదాకా తిప్పాడు, దాని మీద బాస్ బూస్ట్ 12 డెసిబెల్స్. 3 డెసిబెల్స్‌కి పవర్ రెట్టింపు అవుతుంది కాబట్టి 12 అంటే నాలుగు రెట్టింపులు, 16 రెట్లు. అంత పవర్ ఇవ్వడానికి యాంప్ దగ్గర లేదు. లేనిది అడిగితే అల పైన, కింద కత్తిరించి చదునుగా చేసి పంపుతుంది. ఆ చదును అల వేడిగా మారి కాయిల్‌ని కాలుస్తుంది. వాసన దానిదే.

గెయిన్ సరిచేయడానికి చెవి చాలదు. సబ్ వైర్లు పీకేసి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, యాంప్ అవుట్‌పుట్ మీద మీటరుని ఏసీ వోల్టుల్లో పెట్టాం. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే కావాల్సిన వోల్టులు వస్తాయి. 300, 2 గుణిస్తే 600, వర్గమూలం 24.5. ఈక్వలైజర్ సున్నాలో, బాస్ బూస్ట్ సున్నాలో, డెక్ వాల్యూమ్ 40కి 30 దగ్గర ఉంచి, గెయిన్ స్క్రూ మెల్లగా తిప్పి 24 దగ్గర ఆపాం. అంతకుముందు అతను పెట్టుకున్న చోట మీటరు 29 దాటి చూపించింది. లో పాస్ (కింది శబ్దాలనే సబ్‌కి పంపే ఫిల్టర్) 80 హెర్ట్జ్. సబ్ పీకి ఉంటుంది కాబట్టి ఈ పని అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదకొండుకి చేసుకున్నా పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టరు.

కాయిల్ బతికే ఉంది. ఓమ్‌లు కొలిస్తే రెండూ సమానంగానే చూపించాయి, కోన్‌ని చేత్తో మెల్లగా నొక్కితే గీరుకోవడం లేదు. అదృష్టం.

ఎడమ డోరు

సాయంత్రం ఆరు. అంతా సర్ది, సబ్ ఆపేసి ముందు స్పీకర్లు ఎలా ఉన్నాయో విందామని ఒక పాట పెట్టాను. పాడే గొంతు ఎదురుగా మధ్యలో వినపడాలి, అది ఎక్కడో గాల్లో చెదిరిపోయి వినిపిస్తోంది. బాస్ అయితే పిప్పి.

"ఈ స్పీకర్లు పెట్టినప్పటి నుంచీ ఇంతేనా?"

"అవునన్నా. కంపెనీవే నయం అనిపించింది. బాస్ లేదనే కదా సబ్ కొన్నది."

ఎడమ డోరు ప్యానెల్ విప్పమన్నాను. గోడ గడియారంలోంచి 1.5 వోల్టుల సెల్లు తీసుకుని, డెక్ కప్లర్ పీకి, డెక్ వైపు నుంచి స్పీకర్ వైర్లకి తాకించాం. డెక్ కలిసి ఉండగా ఈ పరీక్ష చేయకూడదు. ఇంకో మాట, డెక్ స్పీకర్ నెగెటివ్‌ని బాడీకి ఎర్త్ కూడా చేయకూడదు. ఇప్పటి డెక్‌లలో ఆ రెండో వైరు కూడా కరెంటు మోసేదే, ఎర్త్ చేస్తే లోపలి చిప్ పోతుంది.

కుడి స్పీకర్ కోన్ ముందుకు వచ్చింది. ఎడమది వెనక్కి వెళ్లింది.

కప్లర్ కోసి నేరుగా కలిపినప్పుడు ఏ వైరు పాజిటివో ఊహించి కలిపాడు, తిరగబడింది. ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి అదే క్షణంలో పీల్చుకుంటోంది. సన్నని శబ్దాల దగ్గర ఇది అంత తెలియదు, బాస్ మాత్రం ఒకదాన్నొకటి చంపుకుంటుంది. స్పీకర్ మీద వెడల్పు పిన్ను పాజిటివ్, సన్నది నెగెటివ్. కంపెనీ వైరు రంగులు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటాయి, అక్కడ ఊహ పనికిరాదు.

వైర్లు మార్చాం. డోరు లోపలి పలచని ప్లాస్టిక్ షీట్‌ని స్పీకర్ కోసం కోసి అలాగే వదిలేశాడు. వానాకాలంలో కిటికీ అద్దం మీద నుంచి నీళ్లు డోరులోకే కారతాయి, ఆ షీటే వాటిని కిందికి పంపేది. స్పీకర్ కింద పెట్టిన ఎండీఎఫ్ రింగ్ అంచు అప్పటికే ఉబ్బింది. దాన్ని తీసి మెరైన్ ప్లైతో కోసిన రింగ్ వేసి, చుట్టూ బ్యూటైల్ టేపుతో గాలి సందు లేకుండా మూసి, షీట్‌ని అతికించాం. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం ముట్టుకోలేదు.

సబ్ ఆపే ఉంచి అదే పాట మళ్లీ పెట్టాను. గొంతు అద్దం మధ్యలోకి వచ్చి నిలబడింది. డోరు మీద చేయి వేస్తే మృదంగం తెలుస్తోంది.

అతను నవ్వలేదు. "అన్నా, ఇది ముందే ఇలా ఉంటే నేను సబ్ కొనేవాణ్నే కాదు" అన్నాడు.

ఆ ఎడమ డోరులో రెండు వైర్లు తారుమారైతే, బాస్ లేదని సబ్, సబ్ కోసం యాంప్, యాంప్ కోసం ఆ రేకులోంచి వైరు. వెనక్కి లెక్క పెట్టుకుంటూ పోతే అంతా అక్కడికే చేరింది.

సబ్ తీసేయమంటావా అని అడిగాను. ఉంచమన్నాడు, కొన్నాడు కదా. ఆర్‌సీఏ మార్చిన గంటన్నరకి కూలీ తీసుకోలేదు, అది నా తప్పు. మిగతా పనిలో సగం అతనే చేశాడు కాబట్టి బిల్లు కూడా ఆ మేరకే వేశాను.

రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. మూడు రోజులు బండి కదపకుండా ఉంచి చూసుకున్నాడట, బ్యాటరీ 12.5 వోల్టులు. నేను లీకేజీ కొలిస్తే 28 మిల్లీ ఆంపియర్లు. ఆ బ్యాటరీకి పాత దెబ్బలు ఉండనే ఉన్నాయి, ఎన్నాళ్లు వస్తుందో చెప్పలేనని చెప్పాను. ఈసారి కంప్లయింట్ ఒకటే: సబ్ మోగినప్పుడు వెనక ఏదో గలగలమంటోంది. డిక్కీ అంతా వెతికి దొరకలేదన్నాడు. బయట నిలబడి విన్నాను. నంబర్ ప్లేటు. దాని వెనక ఫోమ్ టేపు ముక్క అంటించి పంపాను.